సోమక్క బత్తెం

కాపురానికి వచ్చిన మొదటి రోజే లక్ష్మక్క వాంతి చేసుకుంది. అత్త ఆమె చేతికి సంగటి గిన్నె ఇచ్చి, పెట్టి రమ్మని గొర్రెల కొట్టంలోకి పంపింది. అక్కడ మూలన జొన్న చొప్ప మీద ఐదారేళ్ల పిల్ల, మొగుడి చెల్లెలు సోమక్క, పడి ఉంది. మూడో ఏట వచ్చిన జ్వరానికి ఆ పిల్ల కాళ్లూ చేతులూ మెలిదిరిగిపోయాయి. మాట రాలేదు. కింద చొప్ప నల్లగా తడిసి, ఈగలు ముసిరి ఉన్నాయి. ఆ ఈగలే పిల్ల నోటి చుట్టూ కూడా ఉన్నాయి. లక్ష్మక్క గిన్నె కింద పెట్టి, గోడ పట్టుకుని కక్కుకుంది.

“అలవాటైతాదిలే” అంది అత్త.

అలవాటు కాలేదు. కాకపోబట్టే మరునాడు కొత్త కోడలు ఆ పిల్లను ఎత్తుకుని బయట బండ మీద పడుకోబెట్టి నాలుగు బిందెల నీళ్లు పోసింది. చొప్పంతా ఊడ్చి తగలబెట్టింది. ఊళ్లో వాళ్లు ఆమెను మెచ్చుకున్నారు. ఆడబిడ్డ మీద అంత ప్రేమ ఎక్కడా చూడలేదన్నారు. లక్ష్మక్క కాదనలేదు కానీ, అది ప్రేమ కాదని ఆమెకు తెలుసు. ఆ వాసన ఉన్న ఇంట్లో తాను ముద్ద మింగలేదు, అంతే. ప్రేమ తర్వాత వచ్చిందో ఏమో, అది ఎప్పుడు వచ్చిందని చూసుకునే తీరిక ఆమెకు లేకపోయింది.

ఇరవై ఏళ్లు గడిచాయి. అత్త పోయింది. పిల్లలు కలగలేదు. సోమక్క పెరిగి పెద్దదైంది, పడుకున్న చోటనే. లక్ష్మక్క తనకై తాను ఒక పద్ధతి కనిపెట్టుకుంది. వంకలో ఇసుక తెచ్చి, జల్లెడ పట్టి, ఎండలో కాల్చినట్టు ఎండబెట్టి, నాలుగు వేళ్ల మందాన పరిచేది. దాని మీద పాత చీర గుడ్డ. తడిసిన ఇసుక తీసి పారేసి, పొడి ఇసుక పోసేది. పొద్దుకు రెండుసార్లు ఒళ్లు తుడిచేది, పక్కలు మార్చేది. తడిసినప్పుడల్లా సోమక్క గొంతులో నుంచి ‘ఊమ్’ అని ఒక శబ్దం చేసేది. పొయ్యి దగ్గర ఉన్నా, దొడ్లో ఉన్నా లక్ష్మక్క ఆ శబ్దానికి లేచి వచ్చేది. ఇరవై ఏళ్లలో సోమక్క ఒంటి మీద ఒక్క పుండు లేచింది లేదు. లక్ష్మక్కకు ఉన్న గొప్ప అంతా అదే.

మూడేళ్లుగా వాన లేదు. గొర్రెల్లో సగం చచ్చాయి, సగం అమ్ముడుపోయాయి. మొగుడు కంబన్న పత్తికొండ అవతల కరువు పనిలో రోడ్డుకు రాళ్లు కొడుతున్నాడు. అక్కడే గుడిసెలో ఉంటాడు. వారానికి ఒకసారి వచ్చి, తను తినగా మిగిలిన జొన్నలు ఇచ్చి పోతాడు. అవి ఒక మనిషికే చాలవు. ఇంట్లో ఇద్దరు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున తలారి గిడ్డయ్య వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

“లచ్చుమక్కా, రేపు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వస్తాడంట. పని చేయలేనోళ్లకు సర్కారు బత్తెం రాస్తారంట. కుంటోళ్లు, గుడ్డోళ్లు, లేవలేనోళ్లు అందరినీ చావడి కాడికి తీసుకరావల్లంట.”

“బత్తెం అంటే?”

“జొన్నలు. ఆదివారం ఆదివారం. ఊరికేనే. ఇంగోటుండాది, ఇట్ల పడిపోయినోళ్లను చూసుకునేకి ఇంట్లో ఒక మనిషి ఉంటే ఆ మనిషికి గూడా ఇస్తారంట. సోమక్కకు ఒకటి, నీకొకటి.”

“రాయకపోతే?”

“రాయకపోతే ఏముండాది, గట్టిగుండే వాళ్లందరూ రాళ్లు కొట్టేకి పోవల్ల. నువ్వు గట్టిగుండావు గదా.”

లక్ష్మక్క వెనక్కి తిరిగి లోపల పడుకున్న సోమక్క వైపు చూసింది. రోడ్డు పని ఎనిమిది మైళ్ల దూరం. పోతే అక్కడే ఉండాలి. సోమక్కను అక్కడికి తీసుకుపోలేదు, ఇక్కడ వదిలిపోలేదు. బత్తెం వస్తే ఈ గడప దాటక్కర్లేదు. ఇద్దరి బతుకూ ఇప్పుడు ఆ రాసేవాడి కలం మీద ఉందని ఆమెకు అర్థమైంది.

మరునాడు తెల్లవారకముందే వంక ఇసుకలో తవ్విన చెలమ దగ్గరికి పోయి రెండు బిందెల నీళ్లు తెచ్చింది. చెలమలో నీళ్లు చెంబుతో తోడుకోవాలి, ఊరాలి, మళ్లీ తోడుకోవాలి. రెండు బిందెలకు పొద్దు పొడిచింది. సోమక్కను వాకిట్లో బండ మీద పడుకోబెట్టి, సీకాయ తక్కువైతే బూడిద కలిపి తలకు రుద్ది నీళ్లు పోసింది. దీపానికని దాచిన ఆముదం బొట్టు ఉంటే తలకు పెట్టింది. చిక్కు తీసి జడ వేసింది. తన పెట్టెలో ఉన్న ఒకే ఒక మంచి చీర చుట్టింది. గోళ్లు తీసింది.

పక్కింటి మున్నీ బీ గోడ మీద నుంచి తొంగి చూసింది. ఆమె మొగుడు రసూల్ సాహెబ్ దూది ఏకేవాడు. ఊళ్లో పత్తి లేక ఏకే విల్లు అటక మీద పెట్టాడు.

“ఏమక్కా, మీ ఆడబిడ్డకు పెండ్లిచూపులా?”

“ఆఫీసరు చూసేకి వస్తాండాడు. మురికిగా పెడితే బాగుంటాదా? ఇదేం ఇల్లనుకోడా?”

“అట్లయితే పూలు గూడా పెట్టు. నచ్చితే ఆయప్పే చేసుకుంటాడు.”

సోమక్కకు మాటలు అర్థమవుతాయి. మెడ వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వింది. లక్ష్మక్క కూడా నవ్వింది. పరాయివాడి ముందు, అందులో సర్కారు మనిషి ముందు, ఇంటి ఆడపిల్లను శుభ్రంగా నిలబెట్టాలని తప్ప ఇంకో మాట ఆ పూట ఆ రెండిళ్లలో ఎవరికీ తోచలేదు.

గిడ్డయ్య, రసూల్ సాహెబ్ సోమక్కను మంచం మీద పడుకోబెట్టి, చెరొక వైపు పట్టుకుని చావడికి మోశారు. బడి నుంచి తెచ్చిన కుర్చీలో ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. చేతిలో మడత పెట్టిన రుమాలు, పక్కన కరణం, ఎదురుగా పేర్లు రాసే పట్టీ. కళ్లు లేని ముసలాయన పేరు రాశారు. దూరంగా కూర్చున్న కుష్టు మనిషి పేరు తలెత్తకుండానే రాశారు. తర్వాత ఉరుకుందప్ప వచ్చాడు.

ఉరుకుందప్ప రెడ్డి గారి జీతగాడు. మొన్నటి దాకా ముళ్ల కంప కొట్టి మోపులు మోశాడు. ఈ రోజు కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. మోకాలి కింద పసుపూ బెల్లమూ నూరి, మట్టి కలిపి పూసి, చీకిపోయిన గుడ్డ చుట్టాడు. దాని మీద ఈగలు గుప్పెళ్లుగా ఉన్నాయి. కట్టు విప్పబోతుంటే ఇన్‌స్పెక్టరు రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

“వద్దు వద్దు, విప్పకు. రాయండి.”

తర్వాత సోమక్క మంచం దింపారు. ఇన్‌స్పెక్టరు రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. వంగి చూశాడు.

“ఎన్నేళ్లుగా ఇలా ఉంది?”

“ఇరవై రెండేండ్లు సామీ” అంది లక్ష్మక్క.

“పుండ్లున్నాయా?”

“లేవు సామీ. ఒకటంటే ఒకటి గూడా లేదు.” ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కొంచెం నిటారుగా నిలబడింది.

“తల దువ్వినట్టుందే.”

“నేనే దువ్వినా సామీ.”

“నూనె కూడా పెట్టావు.” ఇన్‌స్పెక్టరు కరణం వైపు తిరిగాడు. “కరువులో తలకు నూనె. మా ఇంట్లో కూడా నెల నుంచి లేదండీ.”

కరణం నవ్వాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఉరుకుందప్ప అందరికంటే గట్టిగా నవ్వాడు.

“ఇరవై రెండేళ్లు మంచంలో ఉండి ఒక్క పుండు లేదంటే, ఇంట్లో జరుగుబాటు ఉన్నట్టే లెక్క” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఇది దిక్కు లేనివాళ్ల కోసం పెట్టిందమ్మా. కొట్టేయండి. నువ్వు గట్టిగానే ఉన్నావు, రోడ్డు పనికి పో.”

“ఈయమ్మను ఎవరు చూస్తారు సామీ?”

“ఇన్నాళ్లూ చూసినవాళ్లే చూస్తారు.”

“అది నేనే గదా సామీ.”

ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలిచాడు.

ఆ వారం కంబన్న వచ్చినప్పుడు విషయం విని చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. రాళ్లు కొట్టి అరచేతులు పగిలి ఉన్నాయి.

“ఇంగేం చేస్తాము. నువ్వు గూడా రా పనికి.”

“సోమక్కో?”

కంబన్న చెల్లెలి వైపు చూశాడు. సోమక్క అన్నను చూసి నవ్వుతోంది. “మున్నీ బీ వాళ్లు ఉండారు గదా. పొద్దున ఇంత, మాపటికి ఇంత నోట్లో పెడితే…” అని ఆగాడు.

“కడిగేది ఎవరు?”

కంబన్న కొట్టం వైపు ఒకసారి చూసి, తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆ చూపు లక్ష్మక్కకు అందింది. గొర్రెలు లేక కొట్టం ఖాళీగానే ఉంది. చొప్ప కూడా మూలన కాస్త ఉంది.

ఆమె ఆ సాయంత్రమే కరణం ఇంటికి పోయి అరుగు కింద నిలబడింది. కరణం చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. ఆయన ఎవరి దగ్గరా చేయి చాపడు. సలహాలు మాత్రం అడిగినవారికీ అడగనివారికీ చెబుతాడు.

“నీ తప్పే అది” అన్నాడు ఆకు నములుతూ. “ఆఫీసరు ముక్కు మూసుకోవల్ల. మూసుకున్నాడా? లేదు. మూసుకోకుంటే ఏమని రాస్తాడు?”

“ఇంగ దోవ లేదా సామీ?”

“నీ మొకం చూసి మళ్లా రాస్తా పేరు. గురువారం తాసిల్దారే వస్తాడు, పట్టీ సరిచూసేకి. ఈ తూరి ఇంటికే పిలుచుకొని వస్తా. కడగొద్దు, దువ్వొద్దు. ఎట్ల పడితే అట్ల ఉండనీ.”

“ఎన్ని దినాలు సామీ?”

కరణం లోపలికి చూసి, బయటికి చూసి, వేళ్లు మడిచాడు. “ఎండాకాలం గదా. మూడు దినాలు చాలు.”

సోమవారం పొద్దున లక్ష్మక్క ఇసుక మార్చలేదు.

సోమక్క ‘ఊమ్’ అంది. లక్ష్మక్క పొయ్యి ముందు కూర్చుంది. సోమక్క మళ్లీ పిలిచింది. లక్ష్మక్క లేచి, అలవాటున రెండడుగులు వేసి, మళ్లీ కూర్చుంది. పిలిచిందల్లా వినపడుతుంటే ఇంట్లో ఉండలేక గడప బయటికి వచ్చి కూర్చుంది. బయటికీ వినపడుతోంది. కోపంగా పిలవడం లేదు. వదినకు వినపడలేదేమో అనుకుని, కొంచెం కొంచెం గొంతు పెంచుతోంది.

మధ్యాహ్నానికి మున్నీ బీ గోడ దగ్గరికి వచ్చింది.

“ఏమక్కా, సోమక్క పిలుస్తాంది. చెవుడొచ్చిందా నీకి?”

లక్ష్మక్క చెప్పింది. మున్నీ బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. 

“పోనీ నేను కడుగుతా. నువ్వు చూడొద్దు. నీకి తెలీదనుకో.”

“కడిగితే బత్తెం రాదు మున్నీ. రాకపోతే నేను రాళ్లకాడికి పోవల్ల. పోతే ఆయమ్మకు దినమూ ఇదే.”

“మూడు దినాలే గదా, దినమూ కాదు గదా అంటావు.”

“అంతే.”

“థూ” అంది మున్నీ బీ. అది ఎవరిని అన్నదో ఆమే చెప్పలేదు.

మంగళవారం ఇల్లు కంపు కొట్టింది. వీధిలో ఈగలన్నీ దారి తెలిసినట్టు వచ్చాయి. లక్ష్మక్క కూడు పెట్టడానికి మాత్రం లోపలికి పోయింది. ఒక చేత్తో ఈగలు తోలుతూ ఒక చేత్తో ముద్ద పెట్టింది. సోమక్క కళ్లు ముద్ద మీద లేవు, వదిన మొహం మీద ఉన్నాయి. ఆ కళ్లలో ఏడుపు లేదు. ఏం తప్పు చేశానో చెప్పమని అడుగుతున్నట్టు ఉన్నాయి. లక్ష్మక్క గోడ వైపు చూస్తూ పెట్టింది. ఒకటి రెండు ముద్దలు చెంప మీద పడ్డాయి. తుడవబోయి చేయి వెనక్కి తీసుకుంది. అది కూడా ఉండనీ అనుకుంది. అలా అనుకున్నందుకు తన చేతి వంకే అసహ్యంగా చూసుకుంది.

సాయంత్రం ఉరుకుందప్ప వాకిట్లోకి వచ్చాడు. కర్ర లేదు. తిన్నగా నడుస్తున్నాడు. లోపలికి తల పెట్టి చూసి, పనితనం తెలిసినవాడిలా తల ఊపాడు.

“శానా వచ్చినాయే ఈగలు. బెల్లం పెట్టినావా?”

“లేదు.”

“పెట్టకుండానే? నీ అదృష్టం. నేను అర్ధశేరు బెల్లం పోగొట్టుకుంటి.” గడపకు ఆనుకుని మళ్లీ అన్నాడు. “ఏమ్మే, మొన్న నన్ను చూసి మొకం తిప్పుకున్నావు. ఇప్పుడు నువ్వూ నేనూ ఒకటే గదా.”

ఆ మాట అబద్ధమని ఆమె చెప్పలేకపోయింది. “పోప్పా, పో” అంది.

“పోతా. కంపు గూడా బాగానే కొడ్తాంది” అని పోయాడు.

బుధవారం మధ్యాహ్నం నుంచి సోమక్క పిలవడం మానేసింది.

పిలుస్తుంటే భరించలేక బయట కూర్చున్న లక్ష్మక్క, పిలుపు ఆగిపోయేసరికి ఒక్క ఉదుటున లోపలికి వచ్చింది. సోమక్క బతికే ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, కప్పు వైపు చూస్తున్నాయి. తడిలో పడి ఉంది. కానీ చెప్పడం లేదు. చెప్పినా ఎవరూ రారని రెండు రోజుల్లో తెలుసుకుంది. కొట్టంలో ఆ ఐదారేళ్ల పిల్ల కూడా పిలిచేది కాదు. ఆ పిల్లకు పిలవడం నేర్పింది తానే. తీసేసిందీ తానే.

పెళ్లయిన కొత్తలో పుట్టిన రోత నీళ్లు పోస్తే పోయింది. ఇప్పుడు తన మీద తనకు పుట్టినది ఎక్కడ నీళ్లు పోస్తే పోతుందో లక్ష్మక్కకు తెలియలేదు. ఆ రోజు ఆమె కూడు తినలేదు. జొన్నలు మిగిలాయి కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన కూడా కంపు కొట్టింది.

గురువారం పదకొండు గంటలకు జీపు వచ్చింది.

తాసిల్దారు చిన్నవాడు, ముప్పై దాటి ఉండవు. కళ్లజోడు పెట్టుకున్నాడు. కరణం వాకిట్లోనే ఆగి, “ఇక్కడి నుంచి చూస్తే చాలండి” అన్నాడు. తాసిల్దారు వినలేదు. తల వంచి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. రుమాలు తీయలేదు. సోమక్క పక్కన గొంతు కూర్చుని, తన చేత్తోనే దుప్పటి ఎత్తి చూశాడు. ఈగలు ఒక్కసారిగా లేచి ఆయన మొహానికి తగిలాయి. ఆయన వాటిని తోలి, దుప్పటి మెల్లగా మళ్లీ కప్పడం లక్ష్మక్క చూసింది.

మంచివాడు, అనుకుంది. దేవుడా, మంచివాడే వచ్చాడు.

ఆయన లేచి బయటికి వచ్చాడు.  వీధిలో ఆడవాళ్లు గోడల దగ్గర నిలబడి ఉన్నారు.

“ఈమెను ఎవరు చూసుకుంటారు?”

“ఈమేనండి. వదిన” అన్నాడు కరణం.

“ఇదా చూసుకోవడం?” ఆయన గొంతు పెద్దది చేయలేదు. “గొడ్డును కూడా ఇలా ఉంచరు. నీకు చేతులు లేవా? ఒక చెంబు నీళ్లు పోయడానికి ఏం పోయింది? నువ్వు మనిషివేనా?”

లక్ష్మక్క తల వంచుకుంది.

“ఆయమ్మ అట్లాంటిది కాదు సామీ” అంది మున్నీ బీ గోడ మీద నుంచి. “ఈ ఊళ్లో ఎవుర్నన్నా అడుగు. ఇరవై ఏండ్లుగా…”

“నేను కళ్లతో చూసి వచ్చానమ్మా.”

లక్ష్మక్క నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. మీ కోసమే సామీ, మీ ఇన్‌స్పెక్టరుకు శుభ్రం పనికిరాలేదు సామీ, అంటే చాలు. ఈయన వినే మనిషిలాగే ఉన్నాడు. తాసిల్దారు భుజం వెనక నుంచి కరణం చూపుడువేలు ఒకసారి అడ్డంగా ఆడింది. చెబితే మోసం చేసినట్టు ఒప్పుకోవడమే. మోసం చేసినవాళ్ల పేరు పట్టీలో ఎందుకుంటుంది? మూడు రోజులూ పోతాయి, జొన్నలూ పోతాయి. ఆమె నోరు మూసుకుంది.

“పడి ఉన్న మనిషికి బత్తెం రాయండి” అన్నాడు తాసిల్దారు. “చూసుకునే మనిషికి ఇచ్చేది కొట్టేయండి. చూసుకోనిదానికి ఎందుకు?” జీపు దగ్గరికి పోయి మళ్లీ వెనక్కి తిరిగాడు. “రోడ్డు పనికి పోమ్మా. నువ్వు ఇక్కడున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.”

జీపు పోయిన దుమ్ము సర్దుకున్నాక కరణం చెప్పులు దులుపుకున్నాడు. “రెండింట్లో ఒకటి వచ్చింది గదా. అదే శానా అనుకో” అన్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా కూడా ఆగకుండా లక్ష్మక్క బిందె తీసుకుంది. మున్నీ బీ తన ఇంట్లో ఉన్న రెండు బిందెలూ తెచ్చి గోడ మీద పెట్టింది. ఇద్దరూ కలిసి సోమక్కను బండ మీదికి చేర్చారు. నీళ్లు పోస్తుంటే లక్ష్మక్క ఏదేదో మాట్లాడుతూనే ఉంది. నీళ్లు చల్లగుండాయా, వెచ్చబెట్టల్నా, ఇంగొక చెంబు, అయిపాయె, ఇంగొక చెంబు. సోమక్క నుంచి ఒక్క శబ్దం లేదు. పక్కకు తిప్పినప్పుడు తుంటి ఎముక మీద చర్మం ఊడి, అర్ధణా బిళ్లంత పుండు కనిపించింది. మున్నీ బీ చూసి కళ్లు మూసుకుంది. లక్ష్మక్క మూసుకోలేదు. వేపాకు నూరి, పసుపు కలిపి పెట్టింది.

ఆ రోజు సోమక్క వదిన చేతి ముద్ద తినలేదు. పళ్లు బిగించుకుంది. మున్నీ బీ పెడితే తిన్నది.

శుక్రవారం గిడ్డయ్య వచ్చాడు. వాకిట్లో నిలబడి, చెప్పడానికి ఇష్టం లేనివాడిలా తలపాగా విప్పి చుట్టుకున్నాడు.

“కరణమయ్య చెప్పమన్నాడు. పదిహేను దినాలకొకసారి చూసేకి వస్తారంట. పుండు లేచిందని తెలిసె ఆయనకు. మాన్పొద్దంట. అది ఉంటే ఇంగ పేరు ఎవరూ కొట్టెయ్యరంట.”

లక్ష్మక్క సోమక్క పక్క మారుస్తోంది. చేతిలో వేపాకు ముద్ద ఉంది.

“మానుతాదని చెప్పు గిడ్డయ్యా. నేను మానుస్తానని చెప్పు.”

“పేరు కొట్టేస్తే?”

“కొట్టేసిన దినం చూస్తా.”

గిడ్డయ్య లోపలి వాసన పోయిందని గమనించినట్టు ఒకసారి గాలి పీల్చి, వెళ్లిపోయాడు.

ఆదివారం చావడిలో జొన్నలు కొలిచారు. ఓడలో ఎక్కడి నుంచో వచ్చిన ఎర్రజొన్నలు. గోతాం విప్పితే ముక్కిన వాసన వచ్చింది. ఉరుకుందప్ప మళ్లీ కర్ర పట్టుకుని వరసలో ముందు నిలబడ్డాడు. తన వంతు ఒడిలో పోయించుకుని, పోకుండా పక్కనే చూస్తూ ఉండిపోయాడు.

“సోమక్క” అని పిలిచాడు కరణం. లక్ష్మక్క ముందుకు వచ్చింది. కరణం కొలిచే మానిక పట్టుకుని ఆగాడు. “నువ్వింగా పనికి పోలేదా?”

“పోలేదు సామీ.”

“మరి ఏం తింటాండావు?”

“ఇవే తింటా.”

“ఇవి సోమక్క పేరు మీద వచ్చినవి.”

“తెలుసు సామీ.”

“చూడప్పా కాలం” అన్నాడు ఉరుకుందప్ప, వరసలో అందరికీ వినపడేలా. “మురికిలో పండబెట్టి బత్తెం తెప్పించె. ఇప్పుడు ఆ అవిటిదాని నోటికాడ కూడు తినేకి గూడా సిగ్గు లేకపాయె.”

వరసలో ఎవరూ నవ్వలేదు. ఆమె పక్షాన కూడా ఎవరూ మాట్లాడలేదు. వాళ్లలో సగం మంది గురువారం గోడల దగ్గర నిలబడి తాసిల్దారు మాటలు విన్నవాళ్లే. ఇరవై ఏళ్లుగా ఆమెను చూసినవాళ్లు కూడా వాళ్లే.

లక్ష్మక్క ఉరుకుందప్ప కట్టు వంక చూసింది. ఈగలు తక్కువగా ఉన్నాయి. బెల్లం అయిపోయినట్టుంది. ఆమె ఆ మాట అనలేదు. కరణం వైపు తిరిగింది.

“తింటా సామీ. సోమక్కకు పెట్టినాక మిగిలింది తింటా. కావల్లంటే తాసిల్దారుకు రాయండి. మనిషివేనా అనేసినాడు, ఇంగ ఆయన దగ్గర నన్ను అనేకి ఏం మాట మిగిలుండాది?”

కరణం కొలిచాడు. ఆమె ఒడి పట్టింది. గింజల మధ్య ముక్కపురుగులు కదులుతున్నాయి. ఒడి ముడి వేసుకుని, మున్నీ బీ ఇంటికి చేట అడగడానికి పోయింది.